ఎట్ల తెలుస్తది?

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున డిజైన్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కళాకారుణ్ణి కాను. కుంచె పట్టడం రాదు. మగ్గం గుంటలో కూర్చోబెడితే కాలు ఒక దారి, చెయ్యి ఒక దారి. ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేసిన పని సరుకు కొనడం. చేతిపని సామాన్లు అమ్మే ఒక షాపు తరఫున ఊరూరా తిరిగి, బేరమాడి, మాల్ తెచ్చేవాణ్ణి. ఆ షాపు ఇప్పుడు లేదు, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పనిచేసేవాళ్లు మాట్లాడాల్సిన చోట కొన్నవాడు వచ్చి మాట్లాడుతున్నాడేంటి అని మీకు అనిపించొచ్చు. కొన్నవాడు చెప్పాల్సిన సంగతులూ కొన్ని ఉన్నాయి, అందుకే ఒప్పుకున్నాను.

ఈ సంచీలో నాలుగు వస్తువులు తెచ్చాను. అందులో ఒకటి ఇప్పుడే ఇచ్చేస్తాను. ఈ గుడ్డను ముందు వరస నుంచి ఒకరి తర్వాత ఒకరు వెనక్కి పంపండి. డిజైన్ తర్వాత చూద్దురు గాని, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఏం వాసనో ఆఖర్న అడుగుతాను.

ఇవి లక్క గాజులు. చార్మినార్ నుంచి పడమటికి నడిస్తే లాడ్ బజార్, మీ అందరికీ తెలిసిందే. పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు ఒక్కసారైనా వెళ్లొచ్చే వీధి. అక్కడ సైజు ‘రెండూ ఆరు’ ఇవ్వు, ‘రెండూ ఎనిమిది’ ఇవ్వు అని అడుగుతారు కదా, అది రెండు పాయింట్ ఆరు అంగుళాలు అనుకుంటున్నారా? కాదు. రెండు అంగుళాలు, ఆపైన పదహారో వంతులు ఆరు. 1957లో నయాపైసలు వచ్చి రూపాయికి పదహారు అణాల లెక్క పోయింది గానీ, గాజుల కొట్లో పదహారో వంతుల లెక్క ఇప్పటికీ నడుస్తోంది. ఇది ప్రసంగానికి సంబంధం లేని విషయం. చెప్పకుండా ఉండలేకపోయాను.

లక్క ఒక పురుగు పెట్టేది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద గుంపులుగా చేరి, కొమ్మ చుట్టూ గట్టి పొర కడుతుంది. దాన్ని గీకి, కరిగించి, శుభ్రం చేస్తే మన చేతికొచ్చే లక్క. గాజు చేసే మనిషి ముందు బొగ్గుల కుంపటి ఉంటుంది. లక్కను వేడి చేసి మెత్తబరచి, సాగదీసి, తాడులా దొర్లించి, గుండ్రంగా వంచి అతుకుతాడు. పైన రంగు లక్క పూస్తాడు. ఆ తర్వాత రాళ్లు. సన్నటి మొనతో ఒక్కో రాయినీ ఎత్తి, వెచ్చగా ఉన్న లక్కలో అద్దాలి.

నేను ఈ పనిని మొదటిసారి దగ్గరగా చూసింది బజారు వెనక ఒక గల్లీలో, మేడ మీద చిన్న గదిలో. పని చేస్తున్నాయనకు అప్పటికే అరవై దాటాయి. నేను చూస్తుండగానే ఒక గాజును కుంపటి మీంచి తీశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. రాయి పెట్టలేదు. ఇంకోసారి తిప్పి, అప్పుడు టకటకా పదిహేను రాళ్లు పెట్టేశాడు. లక్క మరీ వేడిగా ఉంటే రాయి లోపలికి మునిగిపోతుందట. చల్లారితే పట్టదు, పెళ్లిలో ఎక్కడో ఊడిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సమయం ఎంత? నా అంచనా, కొన్ని క్షణాలు.

“భాయ్, కైసే మాలూమ్ హోతా?” అని అడిగాను. ఎలా తెలుస్తుంది అని.

ఆయన తల ఎత్తలేదు. “మాలూమ్ హోతా” అన్నాడు.

అంతే. అప్పట్లో నాకు అది పొగరుగా అనిపించింది. చెప్పడం ఇష్టం లేక తప్పించుకుంటున్నాడు, పని గుట్టు బయటపడుతుందని భయం అనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎంతమందిని అడిగినా అదే జవాబు. భాష మారేది, అంతే. నేతపనివాళ్ల ఊరు పుట్టపాకలో అడిగితే “తెలుస్తది” అనేవాళ్లు. ఈ ఒక్క మాటలో ఏముందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇక ఈ పెట్టె. బిద్రీ, అంటే నల్లటి లోహంలో వెండి తీగ కూర్చే బీదర్ పని. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 1956 నవంబర్ 1 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. గీత మారింది గానీ సరుకు దారి మారలేదు. పాతబస్తీలోనూ ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లినవాళ్లు బిద్రీ హుక్కాలు, పాన్‌దాన్‌లు చూసే ఉంటారు. చూడకపోతే వచ్చే ఆదివారం వెళ్లండి, అందరూ గడియారం ముందు గుమికూడతారు కాబట్టి బిద్రీ దగ్గర ఖాళీగానే ఉంటుంది. (నవ్వులు)

దీని లోహంలో దాదాపు అంతా జింకే, కొంచెం రాగి. పదహారు పాళ్లకు ఒక పాలు అంటారు. మట్టి అచ్చులో పోత పోస్తారు. వస్తువును ఆకురాయితో నున్నగా చేసి, పైన మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. అప్పుడు తాత్కాలికంగా నల్లబడుతుంది, ఆ నలుపు మీద మొనతో డిజైన్ గీస్తే తెల్లగా కనిపిస్తుంది. ఆ గీతల వెంట ఉలితో సన్నటి గాడి తీసి, అందులో వెండి తీగను సుత్తితో కొట్టి కూరుస్తారు. జిగురు లేదు, టంకం లేదు. గాడి అంచులే తీగను పట్టుకుంటాయి. మళ్లీ రుద్ది నున్నగా చేస్తే మొత్తం వస్తువు ఒకటే తెలుపు, అన్ని రోజులు చేసిన పని కంటికి దాదాపు కనిపించదు.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. బీదర్ కోటలో ఏళ్ల తరబడి ఎండ, వాన తగలని చోట్ల దొరికే మట్టి తెచ్చి, నవసాగరంతో కలిపి నీళ్లలో మరిగిస్తారు. వెచ్చబెట్టిన వస్తువును ఆ మట్టితో రుద్దితే జింకు కాటుకలా నల్లబడుతుంది. వెండి చెక్కుచెదరదు. ఆ నలుపు మీద వెండి ఒక్కసారిగా లేచి కనిపిస్తుంది. ఆఖర్న కాస్త నూనె రాస్తారు.

ఏ మట్టి పనికొస్తుందో ఎలా తెలుసుకుంటారో తెలుసా? నాలుక మీద వేసుకుని. నిజంగానే. చిటికెడు మట్టి నోట్లో వేసుకుని రుచి చూసి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అంటారు. బీదర్‌కు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ కళ గురించి పత్రికల్లో బాగానే రాశారు. నేను మాత్రం అప్పుడు ఆ నాలుక గురించే ఆలోచించాను. ఆ రుచిని ఏ పుస్తకంలో ఎక్కిస్తారు? ఉప్పగా ఉంటుంది అని రాస్తే నేనూ మట్టి నాకి చెప్పగలగాలి కదా. ఒకసారి నాకి చూశాను. మట్టిలానే ఉంది.

ఈ పెట్టె మీద ఇక్కడ బూడిద రంగు మచ్చలు చూడండి. ఇవి కాలం చేసినవి కావు, మా ఇంట్లో చింతపండుతో తోమినందుకు వచ్చినవి. వెండి మెరవాలని తోమారు, పాపం. నలుపు పోయింది. వెండి పనివాడి చేతిది, నలుపు మట్టిది. మా ఇంట్లో ఒకదాని మెరుపు కోసం రెండోదాన్ని వదిలించుకున్నాం.

గుడ్డ ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసా? రానివ్వండి.

అది తేలియా రుమాలు. తేల్ అంటే నూనె. మొదట చీరాల ప్రాంతంలో నేసేవారు, అక్కడి నుంచి ఏడెన్‌కి, పర్షియన్ గల్ఫ్ రేవులకి తలగుడ్డలుగా ఓడలెక్కి వెళ్లేవి. ఇప్పుడు దాని పేరు చెబితే గుర్తొచ్చే ఊరు పుట్టపాక, యాదాద్రి భువనగిరి జిల్లాలో. అక్కడి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో రుమాలుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి చేస్తారు. రెండు వారాలు దాటుతుంది. నూలు నూనె తాగిన తర్వాత ఎరుపు రంగు లోపలిదాకా దిగి, వదలకుండా పట్టుకుంటుంది. ఆపైన చిట్కి కట్టడం. డిజైన్ ప్రకారం ఎక్కడ రంగు పడకూడదో అక్కడ పోగుల్ని గట్టిగా చుట్టి కట్టాలి. దానికి సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు వాడతారు. ఇంత ఖరీదైన బట్ట వెనక పాత సైకిల్ ట్యూబు ఉందంటే కొనేవాళ్లు నమ్మరు. పడుగు, పేక రెండూ ఇలా కట్టి, రంగేసి, విప్పి, మగ్గం మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టాలి. పేక పోగు వేసిన ప్రతిసారీ వేలితో కాస్త ఇటో అటో లాగి సర్దుతారు. వెంట్రుకవాసి జరిగితే పువ్వు రేక చెదురుతుంది.

నేను మెషీన్లకు వ్యతిరేకిని కాదు, ఆ సంగతి ఇక్కడ చెప్పాలి. చేతిపని అంటే అంతా చేత్తోనే చేయాలి అని ఏసీ గదుల్లో కూర్చుని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేతకు ముందు నూలును సిద్ధం చేసే ఆసు పోయడం చూశారా ఎవరైనా? అర్ధచంద్రం ఆకారంలో మేకులు కొట్టిన చట్రం చుట్టూ పోగును చేత్తో తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేలసార్లు ముందుకీ వెనక్కీ వెళ్లిరావాలి. ఇళ్లల్లో ఆ పని ఆడవాళ్లది. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు, ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వల్ల కళ ఏమైనా తగ్గిందా? ఒక్క పోగు కూడా తగ్గలేదు. తగ్గింది భుజం నొప్పి. ఎందుకంటే ఆసులో ఉన్నది ఎక్కువగా ఓపిక. చిట్కి కట్టడంలో, నూనె నూలు ఎప్పుడు తయారైందో చూడ్డంలో ఉన్నది వేరే. అక్కడ మళ్లీ “తెలుస్తది” వస్తుంది. డిజైన్ చదువుకునేవాళ్లు ఈ తేడా పట్టుకుంటే చాలు, ఎక్కడ యంత్రం పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనే సగం వాదనలు ఆగిపోతాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను.

తొంభైల్లో ఒక పెద్ద ఆర్డర్ వచ్చింది. లక్క గాజులు అరవై డజన్లు, అన్నీ ఒకే మెరూన్. ఇందాక చెప్పానే, ఆయనకే ఇచ్చాను. సరుకు వచ్చింది. పదకొండు డజన్లలో రంగు ఒక వాసి తేడా. పక్కపక్కన పెట్టి, కిటికీ వెలుగులో చూస్తే తప్ప తెలియదు. నాకు కొనుగోలుదారు దగ్గర మాట వస్తుందేమోనని టెన్షన్. పదకొండు డజన్లూ వాపసు చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. నా ముందే వాటిని వేడి చేసి, రాళ్లు ఊడదీసి పళ్లెంలో పోసి, లక్కను ముద్ద చేసి పక్కన పెట్టాడు. లక్క కాబట్టి మళ్లీ పనికొచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు ఎన్ని రాత్రులు కూర్చుని ఆ రాళ్లు అద్దారో ఆ కూలి మాత్రం ఎటూ కాకుండా పోయింది.

అక్కడ ఒక పిల్లవాడు ఉన్నాడు, ఆయన మనవడు, పన్నెండేళ్లు ఉంటాయి. స్కూలు అయ్యాక వచ్చి కూర్చునేవాడు. ఆ పదకొండు డజన్లకు రంగు లక్క పూసింది వాడట. చెయ్యి తిరుగుతోంది కదా అని తాత ఇచ్చాడు. తర్వాత నేను వెళ్లినప్పుడల్లా ఆ పిల్లవాడు కుంపటి దగ్గర కనపడలేదు. “ఇప్పుడు వాడికి ఇవ్వడం లేదా?” అంటే, “ఆర్డర్ మాల్ సాబ్, బచ్చోంకో కైసే దేతే” అన్నాడు. ఆర్డర్ సరుకు, పిల్లల చేతికి ఎలా ఇస్తాం అని. ఆ మాటలో నింద లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

అప్పుడు నాకు కొంచెం వెలిగింది. “మాలూమ్ హోతా” అన్న మాట వెనక ఉన్నది చెడిపోయిన సరుకు. లోపలికి మునిగిపోయిన రాళ్లు, ఊడిపోయిన రాళ్లు, మాడిన లక్క. వందల గాజులు పాడుచేస్తే గానీ ఆ క్షణం చేతికి తెలియదు. ఆ పాడుచేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? మా రేటులో ముడిసరుకు ఉండేది, కూలి ఉండేది, రవాణా ఉండేది. నేర్చుకునే పిల్లవాడు చెడగొట్టే సరుకుకు గడి లేదు. అది ఇంట్లోవాళ్లే భరించేవారు. ఆర్డర్లు బాగా ఉన్న రోజుల్లో అందులోనే సర్దుకునేది. ఆర్డర్లు తగ్గి, ప్రతి డజనూ లెక్కకు వచ్చిన రోజున ముందుగా ఆగిపోయేది పిల్లల చెయ్యి. పిల్లలకు ఆసక్తి లేదు, చదువుకుని వెళ్లిపోతున్నారు అని మనం తేలిగ్గా అనేస్తాం. వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, కాదనను. వెళ్లడంలో తప్పూ లేదు. చేనేతనే తీసుకోండి, 2019–20 జాతీయ చేనేత గణనలో మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం ఐదు వేల లోపే అని తేలింది. కానీ చెడగొట్టే వీల్లేక కుంపటి దగ్గర నుంచి లేచిపోయిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంకో వస్తువు ఉంది, ఈ మాస్కు. చేర్యాల ఊరి పని. పోయినేడాది ఒక పెళ్లిలో రిటర్న్ గిఫ్ట్‌గా నాకే వచ్చింది.

చింతగింజల పిండిని ఉడికించి, రంపపు పొట్టు కలిపి, కొబ్బరిచిప్ప మీద ముఖం దిద్దుతారు. బాగుంది, ముచ్చటగా ఉంది. కానీ చేర్యాల నకాషీల, అంటే అక్కడి బొమ్మలు వేసేవాళ్ల అసలు పని పటం. ముతక నూలు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక పూతలు పూసి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా బొమ్మల్లో గీసేవారు. ముప్ఫై అడుగులు, ఇంకా పొడుగు కూడా. అది గోడకు తగిలించుకోవడానికి కాదు. పటం కథ చెప్పేవాళ్లు దాన్ని చుట్టి పట్టుకుని ఊరూరా తిరిగేవారు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఒక్కో ఆశ్రిత కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వాళ్లు, మాదిగలకు జాంబవ పురాణం చెప్పేది డక్కలి వాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకి పడగల వాళ్లు. పటం వేయించుకునేది ఆ కథకులే. రాత్రంతా బొమ్మ తర్వాత బొమ్మ విప్పుతూ కథ చెప్పాల్సినవాడు కాబట్టి ఒక్క బొమ్మ వరస తప్పినా, ఒక దేవుడి చేతిలో ఆయుధం మారినా పట్టేస్తాడు. గీసేవాడికి ఎంత తెలుసో వేయించుకునేవాడికీ అంత తెలుసు.

నాలాంటి కొనుగోలుదారుకు ఏం తెలుసు? అడుగుకు ఇంత, అంగుళానికి ఇంత. కథకులు తగ్గిపోయారు, నేను వెళ్లాను. “ఒక్క సీన్ చాలు, ఫ్రేమ్‌లో పట్టాలి, సూట్‌కేస్‌లో సరిపోవాలి” అన్నాను. వాళ్లు చేసిచ్చారు. అది వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగించింది, నేను చెడ్డపని చేశానని అనుకోను. కానీ కొనేది నేనయ్యాక వాళ్లకు వరస గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం పోయింది. తప్పు చేసినా పట్టుకునేవాడు లేడు. పట్టుకునేవాడు లేని చోట ఎంత పెద్ద పనివాడైనా ఎన్నాళ్లు జాగ్రత్తగా ఉంటాడు?

జీఐ గురించి అడుగుతారని తెలుసు, అందుకే రెండు ముక్కలు. 1999లో చట్టం వచ్చింది, 2003 నుంచి అమలు. మనకు పోచంపల్లి ఇక్కత్‌తో మొదలై, 2024లో హైదరాబాద్ లక్క గాజుల దాకా చాలా వచ్చాయి. మంచిదే. వేరే చోట తయారైనదాన్ని ఈ పేరుతో అమ్మితే ప్రశ్నించడానికి ఆధారం ఉంటుంది. కానీ పేరు రిజిస్టర్ అయినంత మాత్రాన గల్లీలో కూర్చున్న మనిషికి ఒరిగేదేమీ లేదు. ఆయన విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మీలో ఎవరైనా ఫీల్డ్‌కి వెళ్తే ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా, ఆ ఫారం నింపిపెట్టి రండి. మీ ప్రాజెక్టు రిపోర్టు కన్నా అది ఎక్కువ పనికొస్తుంది. మీ సార్లకు కోపం వస్తే నా పేరు చెప్పండి.

ఇంకో చిన్న పని చెప్తాను, ఇది ఉద్యోగం చివరి ఏళ్లలో నేను మొదలుపెట్టింది. పది డజన్లు కావాలంటే పదకొండుకు డబ్బు ఇచ్చేవాణ్ణి. పదకొండోది మీ ఇంట్లో నేర్చుకునేవాళ్లు చేయాలి, ఎలా ఉన్నా తీసుకుంటాను అని షరతు. మా అకౌంట్స్ అతను దాన్ని డ్యామేజీ కింద రాసేవాడు. మొదట్లో వచ్చేవి నిజంగా డ్యామేజీలే. రాళ్లు వంకర, అతుకు దగ్గర బుడిపె. వాటిని మా షాపులో ఒక బుట్టలో పోసి సగం రేటుకు పెట్టేవాళ్లం. కాలేజీ పిల్లలు ఎగబడి కొనేవారు. రెండేళ్లకు ఒక ఇంటి నుంచి వచ్చిన పదకొండో డజను ఏదో, మిగతా పది ఏవో నాకు తేడా తెలియలేదు. పెట్టెలు కలిసిపోయాయి. ఫోన్ చేసి అడిగితే ఆ ఇంటావిడ నవ్వి, “ఆప్ హీ బతావ్ సాబ్” అంది. మీరే చెప్పండి అని. నేను అన్నీ బల్ల మీద పరిచి గంటసేపు చూసి, ఊరికే ఒకదాన్ని చూపించి ఇదే అన్నాను. తప్పట.

సరే, టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. గుడ్డ ఎక్కడుంది? ఆఖరి వరసకు వచ్చిందా? చెప్పండమ్మా, ఏం వాసన?

నూనె. ఆఁ, నూనె అని అందరూ అంటారు, పేరు చెప్పేశాను కదా. ఏం నూనె? కొబ్బరా, నువ్వులా, ఆముదమా? ... ఆముదమా? ఎట్ల తెలిసింది నీకు?

మా నానమ్మ తలకు రాసేది అంటోంది. ఇంకా ఎవరికైనా అలా అనిపించిందా? లేదా? అయితే అమ్మా, ఆ గుడ్డ నీ దగ్గరే ఉండనీ, కిందికి దిగేటప్పుడు ఇద్దువు గాని. చింతపండు మాత్రం పెట్టకు.